రన్‌వే పైపొరకు సెన్సర్ పేవర్ అద్దెకు తెస్తున్నారా? ముందు ఇవి చూడండి

రన్‌వే రీకార్పెటింగ్ కాంట్రాక్టు దక్కగానే చాలామంది మొదట వెతికేది పెద్ద పేవర్, అంటే వేడి తారు మిక్స్‌ను సమంగా పరిచే యంత్రం. వోగెలె సూపర్ 1800 తరగతి గానీ, ఆ స్థాయి వోల్వో ఏబీజీ గానీ అద్దెకు దొరికితే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. యంత్రం మంచిదే. ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. ఆ అర మార్కు ఎందుకు కోశామో, మిగతా నాలుగున్నర కూడా చేతికి రాకుండా ఎలా పోతుందో చెప్పడమే ఈ సమీక్ష.

బ్రోచర్‌లో సూపర్ 1800-3కి గంటకు 700 టన్నులు, గరిష్ఠంగా 10 మీటర్ల వెడల్పు అని ఉంటుంది. ఆ 700ను మరిచిపోండి. మీ వేగాన్ని తేల్చేది తారూ కంకరా కలిపే ప్లాంటు. గంటకు 160 టన్నుల బ్యాచ్ మిక్స్ ప్లాంటు పెట్టినా, కంకర తడిగా ఉంటే గంటకు 120 టన్నులు నికరంగా వస్తే గొప్ప. అందుకని లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి, అంటే తెల్లవారి రన్‌వే అప్పగించాల్సిన గంట నుంచి. విశాఖలో 2023 నవంబరు నుంచి కొన్ని నెలలు రాత్రి విమానాలు ఆపి పైపొర వేశారు. నడుస్తున్న విమానాశ్రయంలో పని ఎక్కడైనా అలాగే సాగుతుంది.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మూసివేత ఇచ్చారనుకోండి. లోపలికి వెళ్లడం, ఊడవడం, నిన్నటి పొర చివర వాలుగా వేసిన ర్యాంపు కోసెయ్యడం, టాక్ కోట్ (పొరలు అంటుకోవడానికి చల్లే పలచని తారు) కొట్టి అది విరిగి, అంటే నీరు వేరై, నల్లబడేదాకా ఆగడం, వీటికి గంటన్నర. చివర్లో చల్లారడం, సెంటర్‌లైన్ గుర్తులు వేయడం, రాళ్లూ రప్పలూ ఏరడం, తనిఖీ, వీటికి రెండు గంటలు. మిగిలేది నాలుగున్నర గంటలే. 45 మీటర్ల వెడల్పున 50 మిల్లీమీటర్ల పొరకు మీటరు పొడవుకు 5.4 టన్నుల మిక్స్ పడుతుంది. గంటకు 120 చొప్పున 540 టన్నులు, అంటే రాత్రికి సరిగ్గా 100 మీటర్లు. కాగితం మీద.

ఇక్కడే ఒక పేవరా, రెండా అన్నది తేలిపోతుంది. 7.5 మీటర్ల వెడల్పుకు స్క్రీడ్ (పేవర్ వెనక మిక్స్‌ను చదును చేసే పలక) బిగిస్తే కొప్పు గీతకు, అంటే రన్‌వే నడిమి ఎత్తు గీతకు, అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు వరసలు వస్తాయి. ఒక్క పేవరే ఉంటే అది ఐదుసార్లు వెనక్కొచ్చి వరస మారాలి. ఒక్కో మార్పుకు పది నిమిషాలు పోయినా 50 నిమిషాలు గాలికి. ఆ సేపు ప్లాంటు ఆపాల్సిందే, లేకుంటే టిప్పర్లలో సరుకు చల్లారిపోతుంది. అప్పుడు రాత్రికి 80 మీటర్లే. రెండు పేవర్లను పక్కపక్కన కొద్దిగా ముందూ వెనకా నడిపితే రెండు మార్పులే, 92 మీటర్ల దాకా వస్తుంది. గన్నవరం లాంటి 3360 మీటర్ల రన్‌వేకి ఒక పొర వేయడానికి 42 రాత్రులకు బదులు 37. ఇంతకన్నా పెద్ద లాభం అతుకుల్లో ఉంది. ఒక పేవర్‌తో ఐదు అతుకులూ చల్లారినవే, రెండింటితో మూడు వేడివి. కొప్పు మీద పడే అతుకు కూడా ఆ వేడివాటిలోనే ఉంటుంది. రెండేళ్ల తరవాత కంకర లేచేది ముందు చల్లని అతుకు దగ్గరే కాబట్టి, రెండో పేవర్ అద్దె దండగ కాదు.

మరీ తొందరపడి నడపడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 20 టన్నుల టిప్పర్ 7.5 మీటర్ల వరసలో 22 మీటర్లు పరుస్తుంది. ఒక్క పేవరే ఉంటే, గంటకు 120 టన్నులు వచ్చేటప్పుడు దాని సరైన వేగం నిమిషానికి రెండు మీటర్ల పైచిలుకు. ఉత్సాహంగా ఐదు మీటర్లు నడిపే ఆపరేటర్ టిప్పర్‌ను ఐదు నిమిషాల్లోపే ఖాళీ చేసి, తరవాతి బండి కోసం ఇంకో ఐదు నిమిషాలు నిలబడతాడు. నిలబడ్డ చోట స్క్రీడ్ బరువుకు కొంచెం దిగుతుంది, ముందున్న మిక్స్ చల్లారుతుంది, మళ్లీ కదిలినప్పుడు స్క్రీడ్ పైకి ఎక్కుతుంది. ఆ గుర్తు రోలర్‌తో పోదు. 3 మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద) కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. ఆగిన ప్రతి చోటా అది దాటే ప్రమాదం ఉంది. నెమ్మదిగానైనా ఆగకుండా వెళ్లే పేవరే కావాలి.

టిప్పర్ల లెక్క కూడా దీని వెంటే. లోడుకు 10 నిమిషాలు, ప్రయాణం 30, గేటు దగ్గర తనిఖీ 15, హాపర్‌లో (పేవర్ ముందుండే తొట్టిలో) దించడానికి 10, తిరుగు ప్రయాణం 30, వరసలో నిలబడటం మరో 10. మొత్తం 105 నిమిషాలు. గంటకు ఆరు లోడ్లు కావాలంటే పదకొండు బండ్లు, అదనంగా రెండు. ఆ గేటు 15 నిమిషాలను చాలామంది లెక్కలోనే వేయరు. డ్రైవర్‌కూ బండికీ ఎయిర్‌పోర్టు పాసు ఉండాలి. పాసున్న డ్రైవర్ ఆ పూట రాకపోతే ఇంకొకణ్ణి కూర్చోబెట్టి లోపలికి పంపలేరు. పాసులు అవసరానికంటే మూడు నాలుగు ఎక్కువే తీసి పెట్టుకోండి.

సెన్సర్ల సంగతి. పేవర్ పక్కన కట్టే పొడవాటి స్కీ అనే కడ్డీ, దానికి ధ్వనితో ఎత్తు కొలిచే మూడు సోనిక్ సెన్సర్లు, ఇది నిజంగా పనికొచ్చే సామాను. పాత ఉపరితలంలోని చిన్న గుంతల్ని సగటు చేసి నున్నటి పొర ఇస్తుంది. కానీ వాలు సరిచేయదు. పాత రన్‌వే అడ్డ వాలు 1.2 శాతానికి పడిపోయి, మీకు 1.5 కావాలంటే స్కీ ఆ 1.2నే అందంగా కాపీ కొడుతుంది. వాలు సరిచేసే కింది పొరకు స్ట్రింగ్ లైన్ (కొలిచి కట్టిన తీగ) లేదా టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో నడిచే త్రీడీ వ్యవస్థ, పై పొరకు స్కీ, ఇదే పద్ధతి.

మేము అర మార్కు కోసింది యంత్రంతో వచ్చే స్లోప్ సెన్సరుకు. ఒక పక్క ఎత్తు సెన్సర్, రెండో పక్క స్లోప్ సెన్సర్ పెట్టి నెట్టుకొస్తారు. 7.5 మీటర్ల వెడల్పులో వాలు 0.1 శాతం తప్పితే అవతలి అంచున 7.5 మిల్లీమీటర్లు తేడా. మూడు నాలుగు మీటర్ల రోడ్డుకు సరిపోతుంది గానీ రన్‌వేకి రెండు పక్కలా ఎత్తు సెన్సర్లే ఉండాలి. అద్దె ఒప్పందంలో రెండో సెట్టు గురించి విడిగా రాయించుకోకపోతే ఒక్కటే వస్తుంది.

స్క్రీడ్ వెడల్పు పెంచినప్పుడు ఆగర్ (మిక్స్‌ను పక్కలకు పంచే మర) కూడా అంత దూరం పెంచారో లేదో వంగి చూడండి. ఆగర్ పొట్టిగా ఉంటే పెద్ద కంకర దొర్లుకుంటూ అంచుకు చేరుతుంది, అతుకు దగ్గర గరుకు చార వస్తుంది. మిక్స్ ఆగర్ షాఫ్టు దాకా, అంటే సగం మునిగేలా ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. మందం హ్యాండిల్‌ను మాటిమాటికీ తిప్పే స్క్రీడ్‌మ్యాన్ వద్దు. తిప్పిన ఫలితం పూర్తిగా కనబడటానికి యంత్రం కొన్ని మీటర్లు నడవాలి. ఈలోపు మందం రాలేదని మళ్లీ తిప్పితే ఉపరితలం అలలు అలలుగా తయారవుతుంది. ఒక్కో టిప్పర్ అయిపోగానే హాపర్ రెక్కలు మూసి మూలల్లోని చల్లని ముద్దల్ని పొరలో కలిపే అలవాటు కూడా మాన్పించాలి.

వీజీ-30 రకం తారుతో అయితే పరిచేటప్పుడు మిక్స్ 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీల లోపు పడకముందే అయిపోవాలి. సముద్రపు గాలి వీచే రాత్రి ఈ వ్యవధి ఎంత చిన్నదో థర్మామీటర్ గుచ్చితేనే తెలుస్తుంది. మే నెలలో కోస్తాలో ఇబ్బంది తిరగబడుతుంది. ఉపరితలం చల్లారక రన్‌వే అప్పగింత ఆలస్యమవుతుంది.

రాత్రి చివర వేసే తాత్కాలిక ర్యాంపు పేవర్ పని కాదు, చేతి పని. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫారసు ప్రకారం 5 సెంటీమీటర్ల వరకు మందానికి వాలు 0.5 నుంచి 1 శాతం, అంటే 50 మిల్లీమీటర్ల పొరకు 5 నుంచి 10 మీటర్ల పొడవు. అంతకు మించిన మందానికి 0.5 శాతం దాటకూడదు. ఎక్కువ విమానాలు ర్యాంపు దిగేలా పని దిశ ఎంచుకోవాలి, ఎక్కేలా కాదు. ప్రతి రాత్రీ రన్‌వే పూర్తి వెడల్పు ముగించాలన్నది కూడా ఆ సిఫారసుల్లోనిదే. అందుకే సాయంత్రం ప్లాంటులో చిన్న తేడా కనిపించినా ఆ రాత్రి లక్ష్యాన్ని ముందే 60 మీటర్లకు కుదించుకోవడం మంచిది. ఐదు వరసలు వేసి ఆరోది మిగిల్చేకంటే అది నయం.

భోగాపురం లాంటి కొత్త రన్‌వేకి ఈ గడియారం గొడవ లేదు, ఒక్క పేవరైనా సర్దుకోవచ్చు.

ఒప్పందంలో ఆపరేటర్‌తో పాటు స్క్రీడ్‌మ్యాన్ పేరు కూడా ఉండాలని, విడిగా కన్వేయర్ చైను, స్క్రీడ్ హీటర్ కడ్డీలు, ఒక అదనపు సోనిక్ సెన్సర్ సైటులోనే ఉండాలని రాయించండి. సెన్సర్ కేబుళ్లు మాత్రం రెండు జతలు ఉంచుకోండి. టిప్పర్ చక్రం కిందో, పార కిందో పడి ముందు తెగేది అదే, రాత్రి రెండింటికి ఏ దుకాణమూ తెరిచి ఉండదు.