వేళ్ళు అరిగినవాళ్ళకు ముఖం చాలు: జీవన్ ప్రమాణ్ యాప్‌పై ఒక వీవోఏ రివ్యూ

జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్, అంటే పింఛనుదారు బతికే ఉన్నట్టు రుజువు, తీసుకునే పద్ధతికి నేను ఐదులో నాలుగు మార్కులు వేస్తాను. ఒక మార్కు ఎందుకు కోశానో చివర్లో చెబుతాను. ముందే ఒక మాట: ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన సార్లకు ఇది ఎలా ఉంటుందన్నది నా సబ్జెక్టు కాదు. నేను చెప్పేది బీడీలు చేసి చేసి మానేసిన ఆడవాళ్ళ సంగతి.

మాది ఆర్మూర్ వైపు ఒక పల్లె. నేను మహిళల గ్రామ సంఘంలో వీవోఏని, అంటే విలేజ్ ఆర్గనైజేషన్ అసిస్టెంటుని. సంఘం లోన్ల లెక్కలు రాయడం నా పని. కానీ చేతిలో మంచి ఫోను ఉండి నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలిగితే, ఊళ్ళో మిగతా పనులన్నీ అడక్కుండానే వచ్చి మీద పడతాయి. గ్యాస్ బుకింగ్ నుంచి మనవరాలి స్కాలర్‌షిప్ దాకా అన్నిటికీ నా గుమ్మమే. పింఛను సర్టిఫికెట్లూ అట్లాగే వచ్చి చేరాయి.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ వాడకు పోయినా ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి కళ్ళు మసకబారే దాకా బీడీలే చేసింది. బీడీ పరిశ్రమను 1977లో పీఎఫ్ చట్టం కిందికి తెచ్చారు కాబట్టి, కంపెనీ పుస్తకంలో పేరెక్కి పీఎఫ్ కోత పడ్డవాళ్ళకు ఈపీఎస్-95 అనే పీఎఫ్ పథకం కింద పింఛను వస్తుంది. 2014 నుంచి దీని కనీస మొత్తం నెలకు 1000 రూపాయలు. ఇన్నేళ్ళయినా ఆ అంకె కదల్లేదు, అది వేరే పంచాయితీ. ఆ వెయ్యి మాత్రం అత్తమ్మ సొంత డబ్బు. బీపీ గోళీలకు, మనవడి చిరుతిండికి, బంధువుల ఇంట్లో చావుకు పోతే ఆటో కిరాయికి ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. ఏడాదికి ఒకసారి బతికే ఉన్నానని రుజువు చూపించకపోతే అదీ ఆగిపోతుంది.

ఆ రుజువు డిజిటల్‌గా ఇచ్చే ఏర్పాటు 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ పేరుతో వచ్చింది. మొదట్లో వేలిముద్రతోనో కంటిపాపతోనో ఇవ్వాలి. ఊళ్ళలో ఉండేది వేలిముద్ర మిషనే. అసలు తంటా అంతా అక్కడే.

బీడీ ఎలా చేస్తారో చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. తునికాకును నానబెట్టి మెత్తబడ్డాక కత్తెరతో కొలతకు కోస్తారు. కోసిన ఆకులో చిటికెడు తంబాకు పోసి, రెండు చేతుల వేళ్ళ మధ్య దొర్లించి చుడతారు. దారం బిగించి మూతి లోపలికి మలుస్తారు. బొటనవేలు, చూపుడువేలు తడి ఆకు మీద, తంబాకు దుమ్ములో రోజంతా రాసుకుంటూనే ఉంటాయి. రోజుకు వెయ్యి బీడీల లెక్కన ముప్పై ఏళ్ళు చేసిన మనిషి బొటనవేలిని వెలుతురులో పెట్టి చూడండి. గీతలు కనపడవు, నున్నగా మెరుస్తుంటుంది. అత్తమ్మ వేలి కొనలో మధ్యన ఒక్క అడ్డగీత మిగిలింది. అది కూడా ఎప్పుడో కత్తెర తగిలిన గాటు.

ఇలాంటి వేలిని మిషను మీద పెట్టించడానికి సర్టిఫికెట్లు చేసే సెంటర్లలో రకరకాల చిట్కాలు ఉంటాయి. సబ్బుతో కడుక్కురమ్మంటారు. తలకు రుద్ది నూనె అంటించుకోమంటారు. వ్యాజిలిన్ రాస్తారు, తడిబట్టతో తుడుస్తారు, పది వేళ్ళూ వరసగా పెట్టిస్తారు. మా దగ్గరి ఒక సెంటర్లో "గట్టిగ నొక్కవే అమ్మా" అని అరిచి, పని కాకపోయినా రెండు వందలు తీసుకుని రేపు రమ్మన్నారు. రేపు వస్తే సర్వర్ లేదన్నారు. కూలి పోయే, కిరాయి పోయే, "నా వేళ్ళే పాడైనయ్ బిడ్డా" అని నింద తన మీదే వేసుకునే.

2021 నవంబరులో ముఖ గుర్తింపు పెట్టాక పరిస్థితి మారింది. మిషను కొనక్కర్లేదు, ఒక మోస్తరు ఆండ్రాయిడ్ ఫోను, నెట్ ఉంటే చాలు. రెండు యాప్‌లు వేసుకోవాలి. ఒకటి జీవన్ ప్రమాణ్, ఇంకొకటి ఆధార్ సంస్థవాళ్ళ ఆధార్ ఫేస్ ఆర్‌డీ. ఈ రెండోది ఇన్‌స్టాల్ అయ్యాక స్క్రీన్ మీద గుర్తు కనపడదు, వెనకాల ఉండి పనిచేస్తుంది. అది ఎక్కలేదేమోనని మళ్ళీ మళ్ళీ డౌన్‌లోడ్ కొట్టేవాళ్ళను చూశాను. కంగారొద్దు, ఫోన్ సెట్టింగుల్లో యాప్‌ల జాబితాలో ఉంటుంది.

మొదట ఆపరేటర్‌గా నా ఆధార్ నంబరు ఇచ్చి, నా ముఖం నేను చూపించుకున్నాను. ఆ తర్వాత పింఛనుదారు వివరాలు: ఆధార్, మొబైల్, ఓటీపీ, పీపీఓ (పింఛను మంజూరు కాగితం) నంబరు, బ్యాంకు ఖాతా. పింఛను ఆమె సొంత సర్వీసుదా, భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పింఛనా అన్నది కూడా ఎంచుకోవాలి. డబ్బు బ్యాంకులో పడుతుంది కదా అని పింఛను ఇచ్చేది ఎవరు అని అడిగే చోట చాలామంది బ్యాంకు పేరు పెడతారు. బీడీ పింఛనుకు అక్కడ ఈపీఎఫ్ఓ, అంటే పీఎఫ్ సంస్థ పేరు పెట్టాలి.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అని. ఫ్యామిలీ పింఛనుకు అది అవసరమైన ప్రశ్నే. కానీ డెబ్బై దాటిన మా ఎదురింటి చిన్నమ్మను అడగాలంటే నాకు నోరు రాలేదు. చివరికి అడిగితే, "ఎవడన్న ఉంటె నువ్వే చూడు బిడ్డా, వెయ్యి రూపాల కట్నం తెస్త" అంది. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఫోటో తీయడానికి లేదు, ముఖం కదులుతోంది మరి.

ముఖం చూపించే దగ్గర వెలుతురే ముఖ్యం. మా ఇళ్ళల్లో లోపల చీకటి, బయట నేరుగా ఎండ పడితే సగం ముఖం తెల్లగా, సగం నల్లగా. పొద్దున పూట నీడపట్టున, సున్నం వేసిన గోడకు వీపు ఆనించి కూర్చోబెడితే ఒక్కసారికే అయిపోయింది. తల మీది కొంగు తీయించాలి, కళ్ళద్దాలు తీయించాలి. వెనక నుంచి మనవడు తొంగిచూడకూడదు. ముఖం గీత లోపలికి వచ్చాక కళ్ళు ఆర్పమంటుంది. "రెప్ప కొట్టు అత్తమ్మా" అంటే ఆమె గట్టిగా కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నట్టు అట్లాగే ఉండిపోయింది. మెల్లగా మూసి తెరవాలని ముందే ఒకసారి చేసి చూపిస్తే మేలు. వేలిముద్రతో పూట పూటంతా పోయిన పని ఛాయ్ మరిగేలోపు అయింది. అదీ ఎవరూ అరవకుండా, ఇంటి అరుగు మీదే. నాలుగు మార్కులూ దీనికే.

అయితే స్క్రీన్ మీద సర్టిఫికెట్, దాని నంబరు అయిన ప్రమాణ్ ఐడీ రాగానే పని అయిపోయిందని లేచి వెళ్ళకండి. ముఖం సరిపోవడం వేరు, సర్టిఫికెట్ ఒప్పుకోవడం వేరు. పీపీఓ నంబరులో ఒక్క అంకె తప్పు పడినా, ఖాతా నంబరు పొరపాటైనా, పింఛను ఇచ్చే ఆఫీసు తర్వాత తిప్పికొట్టవచ్చు. కొన్నాళ్ళాగి ఆ ఐడీతో స్టేటస్ చూడాలి. ఈ అలవాటు సెంటర్లవాళ్ళకు ఎక్కువగా ఉండదు, వాళ్ళ పని ప్రింటు ఇవ్వడంతో సరి. నేను మాత్రం సంఘం రిజిస్టర్ చివరి పేజీలో ఐడీలు రాసి పెట్టుకుని, వచ్చే మీటింగు లోపు అన్నీ ఒకసారి చూస్తాను.

ఇక ఆ కోసిన మార్కు సంగతి. "మీ ముఖమే మీ సర్టిఫికెట్" అన్నట్టు దీని గురించి ప్రచారం ఉంటుంది. నిజమే, ముఖం అత్తమ్మదే. కానీ ఫోను నాది, నెట్ నాది, మొబైల్ నంబరు నాది, స్క్రీన్ మీద ఏముందో చదివి ఒప్పుకున్నానని టిక్కు కొట్టింది నేను. ఆమె పీపీఓ కాగితం, పాస్‌బుక్, ఆధార్ మూడూ నా చేతిలో ఉన్నాయి. నా స్థానంలో మంచివాడు కాని మనిషి కూర్చుంటే? అదే కాగితాలతో, అదే ముఖంతో ఇంకేం చేసినా ఆమెకు తెలిసే దారి లేదు. మా వైపు సగం ఇళ్ళల్లో ఆధార్‌కు లింకైన నంబరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకుది. లేదా ఎప్పుడో రీచార్జి లేక పోయిన సిమ్ము. ఈ సర్టిఫికెట్‌కు నా నంబరు ఇచ్చి నడిపించాను. మెసేజీలు మాత్రం నాకే వస్తాయి, ఆమెకు రావు. చదువు రాని మనిషికి స్క్రీన్ మీది ప్రతి మాటనూ తెలుగులో గట్టిగా చదివి వినిపించి, ఒప్పుకుంటేనే ముందుకు పోయేలా ఉంటే ఐదుకు ఐదూ వేసేదాన్ని. అలా లేనంతకాలం పక్కన కూర్చునే మనిషి ఎలాంటివాళ్ళయితే ఈ సర్వీసూ అలాంటిదే.

ముఖం సరిపోని కేసులూ ఉన్నాయి. ముఖాన్ని పోల్చేది ఆధార్ తీసుకున్నప్పటి ఫోటోతో. చాలామందివి మొదట్లో బడిలో క్యాంపు పెట్టి తీసినవి. అప్పటికి ఇప్పటికి పళ్ళు రాలిపోయి బుగ్గలు లోపలికి పోయాయి. అలాంటివాళ్ళు ఆధార్ కేంద్రంలో ఫోటో, వేలిముద్రలు మార్పించుకోవాలి. 2025 అక్టోబరు నుంచి పెద్దలకు దాని ఫీజు 125 రూపాయలు, ఆటో కిరాయి అదనం. వెయ్యి రూపాయల పింఛనులోంచి అదెంత భాగమో లెక్కేసుకోండి. రెప్పలు సరిగా తెరవలేనివాళ్ళకు, మంచాన పడ్డవాళ్ళకు కూడా కష్టమే. పక్క వాడలో పక్షవాతం వచ్చిన పెద్దమ్మను నలుగురం పట్టుకుని లేపి గోడకు కూర్చోబెట్టినా తల నిలబడలేదు.

మంచం దిగలేనివాళ్ళకు పోస్టుమ్యానును పిలవండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటికే వచ్చి సర్టిఫికెట్ చేస్తారు. మామూలుగా దానికి 70 రూపాయలు. 2025 నవంబరులో ఈపీఎఫ్ఓ ఆ బ్యాంకుతో ఒప్పందం చేసుకుని, ఈపీఎస్-95 పింఛనుదారుల ఖర్చు తానే పెట్టుకుంటానంది, కాబట్టి బీడీ పింఛనువాళ్ళు రూపాయి ఇవ్వక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఈ మాట గట్టిగానే చెప్పండి. ఇంకొకటి, 2021 మార్చిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆధార్ వాడటం పింఛనుదారు ఇష్టం, ఆధార్ ఒక్కటే దారి అని తిప్పి పంపకూడదు. ఈ సంగతి కౌంటర్‌లో కూర్చునే పిల్లలకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు.

నవంబరులోనే చేయాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. అది కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల నెల. ఈపీఎస్ పింఛనుకు ఏడాదిలో ఎప్పుడిచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. అందుకే మా వాడవాళ్ళందరికీ సంక్రాంతి పోయాక పెట్టుకున్నాను. అప్పుడు సెంటర్లలో జనం ఉండరు, పొద్దుటి ఎండ మెత్తగా ఉంటుంది. పీపీఓ కాగితం చెదలు తినేసినవాళ్ళు దిగులు పడొద్దు. ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులో పింఛనుదారుల పేజీలోకి వెళ్ళి బ్యాంకు ఖాతా నంబరు కొడితే పీపీఓ నంబరు దొరుకుతుంది. దాన్ని పాస్‌బుక్ అట్ట లోపలి వైపు పెన్నుతో పెద్దగా రాసి పెట్టుకోండి.