మరకలు కావు బాబాయ్ గారూ, కుంచె గీతలు

నాన్న పుట్టినరోజుకి ఒక బొమ్మ ప్రింటు వేయించి పటం కట్టించాను. విజయవాడ గవర్నర్‌పేటలో బీసెంట్ రోడ్డు దగ్గరి సందులో చిన్న షాపు. దుర్గమ్మ పటాలు, పెళ్లి ఫొటోలు ఎక్కువగా కడతారు. నేను తీసుకెళ్లింది కాస్త పేచీ పెట్టే బొమ్మ కాబట్టి, వాళ్ల పనితనం గురించి రాయాలనిపించింది.

నాన్న గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు అటకెక్కాయి. ఆయనకి చూపించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నది అమెరికాలో పత్రికలకీ ప్రకటనలకీ బొమ్మలు వేసిన జె.సి. లెయెండెకర్ పని. 1874లో జర్మనీలో పుట్టి, 1882లో ఇంట్లోవాళ్లతో చికాగో చేరాడు. తమ్ముడితో కలిసి పారిస్ వెళ్లి బొమ్మలు నేర్చుకున్నాడు. సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికకి 1899 నుంచి 1943 దాకా 322 ముఖచిత్రాలు వేశాడు. యారో (Arrow) అనే కంపెనీ కాలర్ల ప్రకటనలూ ఆయనవే, 1905 నుంచి 1931 దాకా. అప్పట్లో కాలరు చొక్కాకి విడిగా ఉండేది, గంజి పెట్టి తగిలించుకునేవాళ్లు. ఆ ప్రకటనలోని కుర్రాడు నిజమనుకుని ఆడవాళ్లు ప్రేమలేఖలు రాశారు.

నేను ఎంచుకున్నది పూర్తయిన ప్రకటన కాదు, దానికోసం ముందు వేసుకున్న స్టడీ, అంటే కసరత్తు బొమ్మ. ఒకే గుడ్డ మీద రెండు చేతులు, ఒక మెడ, ఒక కాలరు, పైన పెన్సిల్ గళ్లు. మధ్యమధ్యలో రంగు తగలని గుడ్డ అలాగే కనబడుతుంది.

మొదటి ప్రింటు చూసి ప్రాణం ఉసూరుమంది. మెడ మైనం బొమ్మలా నున్నగా ఉంది, గళ్లు మాయం. "మరకలన్నీ కంప్యూటర్‌లో తీసేశానమ్మా" అన్నారు షాపాయన, మంచి చేశాననే అనుకుని. అవి మరకలు కావు బాబాయ్ గారూ, కుంచె గీతలు అని ఫోన్‌లో బొమ్మ పెద్దది చేసి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండు నిమిషాలు చూశారు. "అయితే ముట్టుకోకూడదు" అని, పైసా అడగకుండా కాన్వాస్ మీద మళ్లీ వేయించారు. అద్దం వద్దు, మెరుపుకి గీతలు కనబడవని ఆయనే చెప్పారు. సన్న టేకు బీడింగ్, మూలలు గోరు దూరనంతగా కలిశాయి. 18 బై 24 అంగుళాలకి మొత్తం 1,850 రూపాయలు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, నాలుగు రోజులు ఆలస్యం. పుట్టినరోజు ముందురాత్రి దాకా టెన్షనే.

నాన్న పటాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. ముందు గళ్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. చిన్న బొమ్మని గళ్లు గీసి పెద్దది చేయడం ఆయన రోజూ చేసిన పనే. తర్వాత కాలరు దగ్గర ఆగారు. దూరం నుంచి తళతళలాడే తెలుపు. దగ్గరికెళితే పక్కపక్కనే ఏటవాలుగా లాగిన నీలం, బూడిద, లేత పసుపు గీతలు, అంచున మాత్రం ఒక్క తెల్ల గీత. "హీరో తెల్లచొక్కాకి మేమూ నీలమే పెట్టేవాళ్లం. తెలుపు పక్క రంగుతో వస్తుందే అమ్మాయ్" అన్నారు. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

1951లో లెయెండెకర్ పోయాక ఇలాంటి స్టడీలు ఆయన ఇంటి దగ్గరే చవగ్గా అమ్ముడుపోయాయి. 1914 నాటి ముఖచిత్రం ఒకటి 2021లో వేలానికి వస్తే 40 లక్షల డాలర్లు దాటింది. నాన్న వేసిన బ్యానర్లు వానకి కప్పుకునే గుడ్డలయ్యాయి, మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. అందుకే ఈ పటం సరిగ్గా రావాలని అంత పట్టుబట్టాను.

మీరూ పెయింటింగ్ ప్రింటు వేయించేటట్టయితే ఫైలు ఇచ్చేటప్పుడే "ఏమీ శుభ్రం చేయొద్దు" అని కాగితం మీద రాసివ్వండి. చిన్న ముక్క నమూనా వేయించి చూశాకే మొత్తం వేయమనండి. వారం ముందు ఇవ్వండి. నేను రెండో స్టడీ కూడా ఇచ్చొచ్చాను, ఈసారి నాన్ననే వెంటబెట్టుకెళ్లి.