యాభైలో మళ్ళీ మౌంటెన్ బైక్: లిఫ్టా, సొంత కాళ్ళా, బ్యాటరీనా?

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఈ మధ్య పదే పదే ఇదే అడుగుతున్నారు. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయారు, శనివారాలు ఖాళీ అయ్యాయి, మళ్ళీ బైకు ఎక్కాలని ఉంది. కానీ గుట్ట ఎక్కే ఓపిక లేదు, దిగడమే కావాలి. బైకుతో సహా మనల్ని కొండ పైకి చేర్చే లిఫ్ట్ ఉన్న బైక్ పార్కుకు వెళ్ళాలా, తొక్కుకుంటూ ఎక్కి దిగాలా, ఈ-బైకు కొనాలా?

దిగడమే ఇష్టమని చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. అందులో తప్పేముంది? 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో మొదలైన రీప్యాక్ పందేలు అచ్చంగా దిగుడు పందేలే. బరువైన పాత సైకిళ్ళను పికప్ ట్రక్కుల్లో పైకి చేరవేసి, కొండ మీది మట్టిరోడ్డు వెంట కిందికి దూసుకొచ్చేవాళ్ళు. వెనక హబ్‌లోని బ్రేకు కాగి గ్రీజు పొగలు కక్కేది. ఈ ఆట పుట్టుకలోనే దిగుడు ఉంది.

ఇక అసలు విషయం. ఖర్చు, దూరం, బైకు రకం అన్నీ చూడాల్సినవే గానీ, ఈ వయసులో నా లెక్కలో తేల్చేది ఒక్కటే: దిగడం మొదలుపెట్టేసరికి ఒంట్లో ఎంత మిగిలి ఉంది? దిగేటప్పుడు సీటు మీద కూర్చోం. పెడళ్ళు సమంగా పెట్టి, మోకాళ్ళు వంచి, మడమలు కిందికి దించి నిలబడే ఉంటాం. తొడల్లో సత్తువ అయిపోతే తెలియకుండానే వెనక్కి వాలిపోతాం, ముందు చక్రం మీద బరువు తగ్గి మలుపులో జారుతుంది. ఇరవైలలో అలా పడితే దులుపుకుని లేచేవాళ్ళం. ఇప్పుడు మణికట్టు విరిగితే వారాల తరబడి కీబోర్డు కూడా ముట్టుకోలేం.

ఈ లెక్కన సియాటిల్ దగ్గరి టైగర్ మౌంటెన్ చూడండి. హైవే 18 మీది పార్కింగ్ నుంచి ఈస్ట్ టైగర్ శిఖరానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అడవి చల్లగా ఉంటుంది, ట్రైలు బాగుంటుంది, కారు పెట్టుకోవడానికి రాష్ట్రం ఇచ్చే డిస్కవర్ పాస్ తప్ప ఖర్చు లేదు. కానీ పైకి చేరేసరికి మనలాంటివాళ్ళకు తొడలు వణుకుతుంటాయి. ఆ కాళ్ళతోనే చెట్ల వేళ్ళూ రాళ్ళూ నిండిన ప్రిడేటర్ లాంటి ట్రైలు దిగాలి. పైగా, అంతసేపు ఎక్కితే దిగుడు ఒక్కసారే. మలుపు తప్పుగా తీసుకుంటే మళ్ళీ సరిచేసుకునే అవకాశం వచ్చే వారమే. గుండెకు మంచిదంటారు, నిజమే. గుండె కోసమైతే ఎక్కండి.

లిఫ్ట్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. స్టీవెన్స్ పాస్ బైక్ పార్కు వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది, మనకు సుమారు రెండు గంటల దారి. నన్నడిగితే మొదటిసారికి కెనడాలోని విస్లర్ బైక్ పార్కు మేలు. సులువని తెలిపే ఆకుపచ్చ గుర్తున్న ఈజీ డజ్ ఇట్, మధ్యస్థమని తెలిపే నీలం గుర్తున్న బీ-లైన్ లాంటి ట్రైళ్ళు యంత్రాలతో చదును చేసిన దారులు. బయటి అంచు ఎత్తుగా కట్టిన మలుపులు వరసగా వస్తాయి. ఒకే ట్రైలు ఒకే పూటలో మళ్ళీ మళ్ళీ దిగితే మూడోసారికే చూపు చక్రం ముందు నుంచి లేచి మలుపు చివరికి వెళ్తుంది. ఈ వయసులో నేర్చుకోవాలంటే ఇలా వెంట వెంటనే దిగాలి, వారానికోసారి దిగితే చాలదు.

లిఫ్ట్‌తో చిక్కల్లా చేతులతోనే. కాళ్ళు తాజాగానే ఉంటాయి గానీ ముంజేతులు బిగుసుకుపోతాయి. లిఫ్ట్ కుర్చీలో కూర్చున్నాక గ్లవ్స్ తీస్తే వేళ్ళు సరిగా తెరుచుకోవు. బ్రేకు లివర్‌ను చిన్న అలెన్ కీతో హ్యాండిల్‌కు దగ్గరగా తిప్పుకుని, ఒక్క వేలితోనే నొక్కడం అలవాటు చేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. మిగతా సగానికి మందు మధ్యాహ్నమే ఆపెయ్యడం. టికెట్ డబ్బులు వచ్చేదాకా దిగుదామనే మన బుద్ధిని ఇక్కడ కాస్త పక్కన పెట్టాలి.

బైకు కొనకండి, పార్కులోనే అద్దెకు తీసుకోండి. ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న డౌన్‌హిల్ బైకు ఇంటి దగ్గర దేనికీ పనికిరాదు. హెల్మెట్ గడ్డం కప్పేదే ఉండాలి. మోకాలి, మోచేతి ప్యాడ్లు కూడా.

ఈ-బైకు ఈ రెండింటికీ మధ్యరకం. మోటారు సాయంతో ఎక్కితే తొడల్లో బలం మిగులుతుంది, ఒకే పూటలో రెండు మూడుసార్లు దిగొచ్చు. కానీ పూర్తి మోటారు ఉన్నవి 22 నుంచి 25 కిలోలు తూగుతాయి. దిగేటప్పుడు ఆ బరువు నేలకు అంటుకుని నిలకడగా ఉంటుంది, బ్రేకు వేస్తే మాత్రం అంత త్వరగా ఆగదు. కారు ర్యాక్ మీదికి ఎత్తినప్పుడు నడుము సంగతి మీకే తెలుస్తుంది. ఇంకో మెలిక: వాషింగ్టన్ చట్టం ప్రకారం మోటారు వాహనాలు నిషిద్ధమైన మట్టి ట్రైళ్ళ మీద, ఆ స్థలం చూసుకునే సంస్థ అనుమతిస్తే తప్ప ఈ-బైకు తొక్కకూడదు. కొనేముందు మీరు వెళ్ళే ట్రైళ్ళ నిబంధనలు చూసుకోండి.

స్నేహితులు వంతులవారీగా పికప్‌లో పైకి చేర్చే పద్ధతీ ఉంది. దారీ, ట్రక్కూ, మాట మీద నిలబడే స్నేహితులూ దొరికితే బాగానే ఉంటుంది.

అయితే లిఫ్ట్‌కు ముందు డూథీ హిల్‌లో కొన్నాళ్ళు తిరగండి. ఇసక్వాలో 120 ఎకరాల పార్కు, 2010లో తెరిచారు, సమామిష్‌లో ఉండేవాళ్ళకు పక్కవీధి లెక్క. చిన్న దిగుళ్ళే, అలసట రాదు. కళ్ళద్దాల సంగతి కూడా అక్కడే తేల్చుకోవచ్చు. ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం చదవడానికి చేసింది కాబట్టి, దానిలోంచి చూస్తే చక్రం ముందున్న చెట్ల వేళ్ళు మసకగా కనిపిస్తాయి. దూరపు చూపుకు మాత్రమే ఇంకో జత చేయించుకోండి.

విస్లర్ వెళ్ళేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే అక్కర్లేదు, పాస్‌పోర్టూ కార్డూ వెంట ఉంటే చాలు. మీ అమెరికా ఇన్సూరెన్స్ అక్కడి ఆసుపత్రి ఖర్చు భరిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, లేదంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అందులో బైక్ పార్కు ప్రమాదాలు మినహాయించారేమో చదివి మరీ తీసుకోండి.