పైకప్పు మీద ఏసీ, కింద స్టీలు గిన్నె: మూడు వేసవుల తర్వాత

మా టెంపో ట్రావెలర్‌ను క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా, మార్చి నాలుగో ఏడు నడుస్తోంది. దాని నెత్తిన ఏసీ ఎక్కించి మూడు వేసవులయింది. ఎన్ని బీటీయూలు, ఎంత బరువు లాంటివి డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. చల్లదనానికి ఇప్పటికీ వంక పెట్టలేను. నా గొడవంతా నీళ్లతోనే, ఆ ఏసీ కోసం పైకప్పులో కోయించిన 14 అంగుళాల చదరపు కన్నంతోనే.

మొదటి వేసవి బ్రహ్మాండంగా గడిచింది. నాగోల్‌లో మా వీధిలో పొద్దంతా ఎండలో నిలబెట్టిన బండి, మే నెల మధ్యాహ్నం తలుపు తీస్తే పెనం మూత తీసినట్టుండేది. బయట 42 డిగ్రీలు. ఏసీ వేసి అరగంట ఆగితే లోపల మనిషి కూర్చోవచ్చు, గంట ఆగితే పడుకోవచ్చు. మాది 12 వోల్టులది, ఇన్వర్టర్ లేకుండా నేరుగా లిథియం బ్యాటరీల మీద నడుస్తుంది. రాత్రిపూట ఎకో మోడ్‌లో పెడితే తెల్లారేదాకా వచ్చేది. అనంతగిరి వెళ్లాం, నాగార్జునసాగర్ వెళ్లాం, ఎక్కడా చుక్క కారలేదు. అడిగిన మిత్రులందరికీ ‘కళ్లు మూసుకుని వేయించుకోండి’ అని చెప్పాను. అందులో ‘వేయించుకోండి’ అన్నంతవరకు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

రెండో ఏడు మే నెలాఖరులో అమ్మ సముద్రం చూడాలంది. నార్కెట్‌పల్లి దగ్గర హైవే వదిలి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా బాపట్ల, అక్కణ్నుంచి సూర్యలంక. సాయంత్రానికి ఒళ్లంతా జిగట. ఏసీ 24లో పెట్టి, తలుపులు బిగించి పడుకున్నాం. రాత్రి ఒంటిగంటకి అమ్మ లేపింది.

“ఒరేయ్, వాన పడుతోందేమో చూడరా.”

బయటికెళ్లి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. లోపలికొచ్చి ఫోన్ లైటు వేశాను. ఏసీ గ్రిల్లు అంచున ఒక చుక్క ఊరుతోంది. లావెక్కి, కాసేపు ఊగి, సరిగ్గా అమ్మ తలగడ మీద పడింది. దాని వెనకే ఇంకోటి తయారు. ఏసీ ఆపితే ఉక్క, నడిపితే వాన. అమ్మ తలగడ ఇటు తిప్పుకుని, వంట డబ్బాలోంచి స్టీలు గిన్నె తీసి అక్కడ పెట్టింది. “పెంకుటిల్లు అమ్మేసినా నాకు గిన్నెలు పెట్టడం తప్పలేదు” అని మళ్లీ నిద్రపోయింది. నాకు మాత్రం తెల్లవార్లూ టంగ్, టంగ్. పొద్దుటికి ఆ గిన్నె రెండుసార్లు పారబోశాను.

అసలు సినిమా తిరుగు ప్రయాణంలో చూశాం. పిడుగురాళ్ల దాటాక గేదె అడ్డమొచ్చి బ్రేక్ వేశాను. సీలింగ్ ప్లైవుడ్ మీద ఎక్కడ నిలబడ్డాయో ఏమో, చల్లటి నీళ్లు చెంబుతో పోసినట్టు నా మెడ మీద పడ్డాయి. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వొచ్చే పరిస్థితి కాదు.

హైదరాబాద్ రాగానే ఏసీ బిగించిన వర్క్‌షాప్‌కి వెళ్లాను. పేరు చెప్పను. కుర్రాడు పైకెక్కి, ఇంపాక్ట్ గన్‌తో (బోల్టులు బిగించే మిషన్) నాలుగు బోల్టులూ ఇంకో చుట్టు తిప్పి, చుట్టూ సిలికాన్ పూసి, “అయిపోయింది సార్” అన్నాడు. జూన్ రెండో వారంలో వానలు మొదలయ్యాయి, మళ్లీ కారింది. మళ్లీ వెళ్లాను. ఇంకో చుట్టు, ఇంకాస్త సిలికాన్. మూడోసారి గ్యాస్కెట్, అదే ఏసీకీ రేకుకీ మధ్య నీళ్లు దూరకుండా వేసే మెత్తటి పట్టీ, పాడయిందన్నారు, కొత్తది వేసి మరీ బిగించారు. వెళ్లిన ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ కారింది. నేనూ తక్కువ తినలేదు, ‘గట్టిగా బిగించు తమ్ముడూ’ అని దగ్గరుండి చెప్పింది నేనే.

చివరికి కాటేదాన్‌లో బస్సు బాడీలు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఏసీని ముట్టుకోలేదు. ఒక చెంబెడు నీళ్లు అడిగి తీసుకుని, రేకు మీద నెమ్మదిగా పోసి చూస్తూ కూర్చున్నాడు. పక్కలకు జారిపోవాల్సిన నీళ్లు చక్కగా నడుచుకుంటూ ఏసీ కిందికి వెళ్లి నిలబడ్డాయి.

“బిగించుడు ఎక్కువైంది సార్. రేకు గిన్నె లెక్క అయింది. ఇంక ఎంత బిగిస్తే గిన్నె అంత లోతు అయితది.”

అక్కడికి నాకు విషయం అర్థమైంది. ఈ ఏసీలు గాలిలోని తేమను నీరుగా మారుస్తాయి గానీ, దాన్ని ఇంట్లో ఏసీలా పైపు పెట్టి బయటికి పంపవు. చాలా మోడళ్లలో ఆ నీరు అడుగున ఉన్న ట్రేలోంచి పైకప్పు మీదికే వదిలేస్తారు, అక్కణ్నుంచి అదే జారిపోతుందని వాళ్ల నమ్మకం. 14 అంగుళాలంటే అమెరికా మోటర్‌హోమ్‌లలో గాలి కోసం పెట్టే వెంట్ కొలత. యూరప్‌లో ఎక్కువగా 400 మిల్లీమీటర్లు. ఆ బళ్లలో ఆ కన్నం ముందే ఉంటుంది, దాని చుట్టూ ఫ్రేమ్ ఉంటుంది, కప్పు బల్లపరుపుగా ఉంటుంది. మన ట్రావెలర్‌ది పొడవునా గాడులున్న పలచటి రేకు. అందులో కన్నం కోసి, నడుమ ఆసరా లేకుండా, పైన ఏసీ, కింద ప్లాస్టిక్ గ్రిల్లు, మధ్యలో రేకును శాండ్‌విచ్‌లా పెట్టి నొక్కితే అది కుంగక ఏం చేస్తుంది? గ్యాస్కెట్ సగం మందం వరకు నలిగితే చాలట. మాది అప్పడంలా అయిపోయింది. ఇక గాడుల్లోంచి నీరు దాని కిందికి పాకడానికి అడ్డేముంది?

మరి మొదటి వేసవిలో ఎందుకు కారలేదు? కన్నం అప్పుడూ ఇదే. హైదరాబాద్ మే నెల గాలిలో తేమ తక్కువ, ఏసీకి పిండడానికి నీళ్లుండాలి కదా. అనంతగిరిలోనూ సాగర్‌లోనూ పొడి ఎండలో తిప్పి, సర్టిఫికెట్ ఇచ్చేశాను. సూర్యలంక గాలి ఒక్క రాత్రిలో దాన్ని రద్దు చేసింది. ఎవరైనా కొత్తగా వేయించుకున్న వాళ్లు ‘మాది అస్సలు కారడం లేదు’ అంటే, ఎక్కడ వాడారని అడుగుతున్నాను.

పెద్దాయన చేసిన పని ఇది. ఏసీ దింపి, లోపలి ప్లైవుడ్ విప్పి, కన్నానికి నాలుగు వైపులా అంగుళం స్క్వేర్ పైపుతో ఫ్రేమ్ కట్టాడు. ఆ ఫ్రేమ్ రెండు పక్కలా బాడీ అడ్డపట్టీల మీద కూర్చుంది. ఇప్పుడు బరువు వాటి మీద పడుతుంది, రేకు మీద కాదు. పైన అల్యూమినియం యాంగిల్‌తో అంగుళం ఎత్తు గట్టు కట్టి, గాడుల సందులన్నీ బ్యూటైల్ టేప్‌తో (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) నింపి, ఆ గట్టు మీద ఏసీ కూర్చోబెట్టాడు. అంటే చుట్టూ నీళ్లు నిలిచినా కన్నం వాటికంటే పైన ఉంటుంది. పాత సిలికాన్ గీకడానికే ఒక పూట పట్టింది. సిలికాన్ పూసిన చోట తర్వాత వేరేదేదీ సరిగ్గా అతకదని అప్పుడే తెలిసింది. గ్యాస్కెట్ కోసం రాణీగంజ్‌లో రెండు గంటలు తిరిగాను. బోల్టులు ఆయన చేత్తోనే తిప్పాడు, ఒక్కోదానికి సగం చుట్టు, ఎదురెదురుగా, మధ్యలో ఆగి ఆగి, స్కేలుతో గ్యాస్కెట్ మందం చూసుకుంటూ. ఇంపాక్ట్ గన్ వైపు చూడనే లేదు. అంతా కలిపి 12,000 అయింది. మొదటే ఇలా వేయించుకుని ఉంటే ఇందులో సగం కూడా కాదేమో.

ఆ పని చేస్తున్నప్పుడే అనుకోని లాభం ఒకటి కలిసొచ్చింది. గ్రిల్లు విప్పితే లోపల చల్లగాలి వెళ్లే గదికీ, గాలి తిరిగి పీల్చుకునే గదికీ మధ్య వేలు దూరేంత సందు కనిపించింది. చల్లగాలిలో కొంత కిందికి దిగకుండానే వెనక్కి పోతోంది. ఏసీ అది చూసి చల్లబడిందనుకుని కంప్రెసర్ తొందరగా ఆపేసేది. అల్యూమినియం టేపుతో ఆ సందు మూస్తే, వెనక బెర్తు దాకా చలి తెలుస్తోంది. నలభై నిమిషాల పని. ఇది మాత్రం అందరూ చేసుకోవచ్చు, కన్నానికి సంబంధం లేదు.

ఆ తర్వాత ఒక వానాకాలం, ఇంకో వేసవి గడిచాయి. కిందటి జులైలో మళ్లీ సూర్యలంక వెళ్లాం, పనిగట్టుకుని. రాత్రంతా గిన్నె పెట్టుకుని మేలుకున్నాను. గిన్నె పొడిగానే ఉంది. ఒక్కసారి మాత్రం, రోడ్డు పక్క వాలులో బండి ఆపినప్పుడు, గ్రిల్లు అంచు చెమర్చింది. అప్పటినుంచి ఏసీ వేసే ముందు రసమట్టం చూసుకుని, చక్రం కింద చెక్క పెడుతున్నాను.

వేరే చికాకులూ ఉన్నాయి. బండి తొమ్మిది అంగుళాలు పెరిగింది. సెల్లార్ పార్కింగ్ ఆశ ఎప్పుడో పోయింది, ఇప్పుడు మా గల్లీలో వేలాడే ఇంటర్నెట్ కేబుళ్లు కూడా తగులుతున్నాయి. ఒకసారి ఎదురింటి వాళ్ల వైరు తెంపి, వాళ్లబ్బాయి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆపించాను. ఆ పిల్లాడు థాంక్స్ చెప్పాడు, వాళ్ల నాన్న చెప్పలేదు. ఇప్పుడు సందు మలుపులో మా ఆవిడ దిగి, చీపురు కర్రతో వైర్లు ఎత్తి పట్టుకుంటుంది. ఇంకొకటి, బండి అసలు నిర్మాణం మార్చే పనులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, కోయించే ముందే ఆర్టీఓ దగ్గర తేల్చుకోండి.

వేయించుకోవాలా అంటే, మా లెక్క వేరు. ఏడాదికి ఇరవై రాత్రులు బండిలో పడుకుంటాం, అమ్మకు ఉక్క పడదు, కోస్తా మాకు ఇష్టం. మేం ముగ్గురం కాకుండా నేనొక్కణ్నే అయి, చలికాలంలో అనంతగిరి దాకా వెళ్లొచ్చేవాడినైతే ఆ కన్నంలో మంచి ఫ్యాన్ పెట్టించుకుని ఊరుకునేవాణ్ని. వేయించుకునే వాళ్లు ముందు బాడీ కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి, ఏసీ మెకానిక్ తర్వాత. నీళ్ల చెంబు మీరే తీసుకెళ్లండి.

ఉబ్బిన ప్లైవుడ్ ముక్క ఇంకా మార్చలేదు. ఈ వానాకాలం కూడా గడవనీ. గిన్నె బండిలోనే ఉంచమంది అమ్మ.