పాతబస్తీకి ఏది మేలు: రోడ్డు వెడల్పా, పాత ఇళ్ల మరమ్మతా?

హైదరాబాద్ పాతబస్తీని బతికించాలంటే రోడ్లు వెడల్పు చేయాలని కొందరు, ఉన్న కట్టడాలను బాగుచేయాలని కొందరు అంటారు.

వెడల్పు చేస్తే లాభం వెంటనే కనిపిస్తుంది. అంబులెన్స్, ఫైరింజన్ లోపలికి రాగలవు. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా తలపెట్టిన మెట్రోకూ చోటు దొరుకుతుంది, అది వస్తే ఇక్కడి వాళ్లకు నగరం దగ్గరవుతుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ కూల్చిన షాపు యజమానికి పరిహారం అందుతుంది, అందులో అద్దెకున్న చిన్న వ్యాపారి మాత్రం గిరాకీని పోగొట్టుకుంటాడు.

మరమ్మతు నెమ్మది పని. పాత గోడలకు వాడిన డంగు సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు కావాలి. వారసులు పది మంది ఉన్న దేవిడీలో (పాతకాలపు పెద్ద భవంతిలో) సంతకాలు కుదరడమే పెద్ద టెన్షన్. అయినా ఫలితం నిలుస్తుంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేశాక కూడా పాత ఐస్‌క్రీం షాపులు అక్కడే నడుస్తున్నాయి. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. ఆ గాజులు చేసేవాళ్లు చుట్టుపక్కల గల్లీల్లోనే ఉంటారు. వాళ్లను ఊరి బయటికి పంపితే ఆ గుర్తింపు ఎవరికోసం?

నా ఓటు మరమ్మతుకే. వెడల్పు తప్పనిసరైన చోట చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారును చూసి నేర్చుకోవాలి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తీర్చిదిద్దినప్పుడు, అక్కడ రోడ్డు పక్కనే రాతి కమానుల కింద షాపులు కట్టారు. ఈరోజుకీ అక్కడ బేరం సాగుతోంది.