తిరుగు ఖర్చు కూడా ముందే అడిగే పిల్లుల బండి

విజయవాడలో ఆరుగురు ఉద్యోగస్తులు కలిసి ఒక పని చేస్తున్నారు. ఎవరికీ అక్కర్లేని పిల్లుల్ని, పెంచుకుంటామని ముందుకొచ్చిన వాళ్ల గుమ్మం దాకా చేరుస్తారు. ట్రిప్పుకి ఇంతని చందాలు వసూలు చేసి, వాళ్లలో ఒకాయన సొంత బండిలో తీసుకెళ్తారు. ఈ వేసవిలో వాళ్ల ద్వారా నేను మూడు పిల్లుల్ని హైదరాబాద్ పంపాను. గ్రూపు పేరు మాత్రం రాయడం లేదు. రాయొద్దని వాళ్లే అడిగారు. ఒకసారి పేరు, ఇల్లు నలుగురికీ తెలిశాక, తెల్లారి గేటు తీసేసరికి గోతాంలో కట్టేసిన పిల్లికూనలు కనపడ్డాయట, వరసగా మూడు రోజులు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్న పిల్లులకి పడవల్లో తిండి పంపడంతో వీళ్ల పని మొదలైంది.

నేను గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్లో గుమస్తాని. పాత వాచ్‌మన్ కుటుంబం మా గోడౌన్లో మూడు పిల్లుల్ని పెంచింది. మిరపకాయలకి ముచ్చికలు (తొడిమలు) తీసే ఆడవాళ్లు వాటికి మిర్చి సరుకు పేర్లే పెట్టారు. సన్నగా, చురుగ్గా ఉండే ఎర్రది తేజ. బొద్దుగా, నెమ్మదిగా ఉండేది బాడిగ. మూడోదానికి ఎడమ కన్ను తెల్లగా పూసింది, వీపు మీద బొచ్చు పలచబడి రంగు పోయింది. రంగు చెడ్డ కాయని మేం తాలు అంటాం, దానికి అదే పేరు పడింది. పిలిస్తే అన్నిటికంటే ముందు వచ్చేది తాలే.

వాచ్‌మన్ ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్లిపోయాడు. కొత్త సరుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే రోజులు. బస్తాల్లో బొచ్చు కనపడితే కొనేవాళ్లు ఊరుకోరని మా ఓనరు గారి టెన్షన్. గోతాంలో కట్టి ఊరి బయట వదిలేయమన్నారు. చాలామంది చేసేది అదే. పిల్లి ఏడిళ్లు తిరుగుతుంది, ఎక్కడైనా బతుకుతుందంటారు. ఏడిళ్లు తిప్పేది తల్లి తన పిల్లల్ని, అదీ తనకి తెలిసిన వాసనల మధ్యలో. ముక్కూ మొహం తెలియని చోట గోతాం విప్పి వదిలితే దానికి తిండి ఎక్కడ, కుక్కలు ఎక్కడ అన్నది ఏం తెలుస్తుంది? పెంచిన జంతువుని ఆకలిదప్పులతో అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. ఆ మాట ఓనరు గారికి నెమ్మదిగా చెప్పాను. నెల రోజులు గడువిచ్చారు.

వాటిని హైదరాబాద్ చేర్చడానికి ముందు రైలు గురించి అడిగాను. ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మనమే బుక్ చేసుకుంటే పిల్లిని దగ్గర పెట్టుకోవచ్చు. లేకపోతే సామాన్లు వేసే బ్రేక్ వ్యానే. స్లీపర్లో, సెకండ్ ఏసీలో ఒప్పుకోరు. ఎండాకాలం బ్రేక్ వ్యానులో తాలుని ఊహించుకోలేకపోయాను. అప్పుడు మా మేనకోడలు ఈ గ్రూపు నంబరు ఇచ్చింది.

చందా అనగానే నాకు మొదట వచ్చింది అనుమానం. రెండేళ్ల క్రితం ఒక పిల్లి ఆపరేషన్ కోసమని ఎవరో అడిగితే వెయ్యి పంపాను. పిల్లి ఏమైందో ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. నాలుగు నెలలకి అదే ఫోటో, వేరే ఊరి పేరుతో మళ్లీ వచ్చింది. వెయ్యి పోయినందుకు కాదు, ఆ పిల్లి అసలు ఉందో లేదో తెలియనందుకు చాలా రోజులు బాధపడ్డాను. అందుకే ఈ గ్రూపులో అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ముందు లెక్క అడిగాను. అడగ్గానే పంపింది.

ఆరు పిల్లుల ట్రిప్పు, పిల్లికి 1,700 రూపాయలు. అందులో 1,200 వెళ్లడానికి, 500 తిరిగి రావడానికి. ఆరు పన్నెండు వందలు 7,200. డీజిలుకు 4,100, డ్రైవరు బత్తా 1,500, మిగతాది టోల్ గేట్లు, బోనుల్లో పరిచే ప్యాడ్లు. బండికి అద్దె లేదు. ఆ 500 ఎందుకమ్మా, పెంచుకునే వాళ్లు ఖాయమయ్యారుగా అన్నాను. "అంకుల్, ఇంటికి వెళ్లాక వద్దనేవాళ్లు ఉంటారు. అప్పుడు డబ్బుల్లేవని పిల్లిని అక్కడే వదిలేసి రాకూడదు కదా. తిరుగు ఖర్చు చేతిలో లేకుండా మా బండి కదలదు" అంది. ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను, నాకు తట్టని సంగతి. ఈ గ్రూపు మీద నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. వాడకుండా మిగిలిన తిరుగు డబ్బు తర్వాతి పిల్లికి వెళ్తుందని కూడా ముందే చెప్తారు. రిజిస్టరైన సంస్థ కాదు కాబట్టి ఆదాయపు పన్ను మినహాయింపుకి చూపే 80జీ రసీదు రాదు, అదీ దాచలేదు.

మా మూడింటికి 5,100 కావాలి. నేను 2,000 వేశాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు ముచ్చికల షెడ్డులో విషయం చెప్పాను. అడగలేదు, చెప్పానంతే. ఒక పెద్దామె లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చింది, పవిట చెంగుతో తుడుచుకుంది, చెంగుముడి విప్పి ఇరవై రూపాయలు తీసింది. రోజంతా కాయ ఒలిచిన వేళ్లు, గోళ్ల సందుల్లో ఎరుపు కడిగినా పోదు. తాలు వచ్చి ఆమె మోకాలికి రాసుకుంటుంటే వేళ్లు దూరంగా పెట్టి, మోచేత్తో దాని వీపు నిమిరింది. "ఈ చేతులతో ఎట్టా ముట్టుకోను గుమస్తా గారూ, మంటెత్తుద్ది దానికి" అంది. ఇన్నాళ్లూ అక్కడే కూర్చుని ఆ మోచేతిని నేను గమనించనే లేదు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లని మనం సామెత చెప్పుకుంటాం. ఆ పూట షెడ్డులో 23 మంది కలిసి 410 రూపాయలు ఇచ్చారు. మిగిలిన 2,690 గ్రూపు వాళ్లు పోగుచేశారు. ఏ పిల్లికి ఇంకా ఎంత తగ్గిందో రోజూ సాయంత్రం లెక్క రాసి పంపేవాళ్లు. షెడ్డు వాళ్లు ఇచ్చింది కూడా 'ముచ్చికలు తీసే అమ్మలు, 410' అని అందులో రాశారు. అది చదివి వినిపించాను.

బయలుదేరే ముందు వాళ్ల పట్టింపులు చాలా ఉన్నాయి, అన్నీ సరైనవే. రేబిస్ టీకా, మూడు జబ్బులకి కలిపి వేసే ట్రైక్యాట్ టీకా రెండు వారాల ముందే వేయించాలి. ప్రయాణానికి ఆరోగ్యంగా ఉందని పశువుల డాక్టరు సర్టిఫికెట్ కావాలి. అది 1978 నాటి జంతు రవాణా నియమాల్లో ఉన్నదే. బయలుదేరే ముందు నాలుగైదు గంటలు మేత పెట్టకూడదు, కడుపు నిండా ఉంటే దారిలో కక్కుకుంటాయి. పెంచుకునే వాళ్ల ఇల్లు వీడియో కాల్లో చూస్తారు, అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీకి వల కట్టించుకోవాలి.

తెల్లవారుజామున నాలుగింటికి బెంజ్ సర్కిల్ దగ్గర అప్పగించాను. పిల్లికి ఒక బోను, పైన పాత నూలు లుంగీ కప్పారు, చీకటిగా ఉంటే బెదరవు. నందిగామ, కోదాడ, సూర్యాపేట, ఆగిన ప్రతిచోటా ఒక ఫోటో. సూర్యాపేట దాటాక తేజ నోరు తెరిచి రొప్పుతోందని చెప్పి, బండి పక్కన ఆపి, ఏసీ పెంచి, బోను చుట్టూ తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆగారు. పిల్లి నోటితో రొప్పిందంటే వేడో భయమో బాగా ఎక్కువైనట్టే. నేను చెప్పకుండానే వాళ్లకి అది తెలుసు.

లోటు లేదని కాదు. పగలు ఫోన్ ఎత్తరు, అందరికీ ఉద్యోగాలు. టీకా తేదీలు రెండుసార్లు తప్పుగా చెప్పారు. బాడిగ బోను గడియ వదులైతే ప్లాస్టిక్ తాడుతో బిగించారు. మూడొందల కిలోమీటర్ల దారికి అది చాలదు, ఆ బోను మార్చాలని వాళ్లకీ చెప్పాను. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ తగ్గించిన ఒకటి గడియకే.

తేజ, బాడిగ ఒకే ఇంట్లో ఉన్నాయి. మూడు రోజులు మంచం కింద నుంచి కదల్లేదట, నాలుగో రోజు కిటికీలో కూర్చున్న ఫోటో వచ్చింది. తాలుని తీసుకున్న ఇంటివాళ్లు రెండో రోజే ఫోన్ చేశారు. కన్ను అలా ఉంటుందని వీడియోలో చూశారు గానీ దగ్గర్నుంచి చూస్తే పిల్లలు భయపడుతున్నారన్నారు. ఎవరూ వాళ్లతో గొడవపడలేదు. ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో గ్రూపుకి తెలిసిన ఒకామె తాలుని తన ఇంటికి తెచ్చుకుంది, ఆరు రోజుల తర్వాత తాలు ఇంకో బండిలో విజయవాడ వచ్చింది. ఆ 500 అలా ఖర్చయింది. దాని లెక్క, పెట్రోలు బంకు బిల్లుతో సహా, నాకు పంపారు.

ఇప్పుడు తాలుని రాజమండ్రిలో ఒక రిటైర్డ్ టీచరు గారు అడిగారు. కన్ను గురించి ఆవిడే నాలుగు ప్రశ్నలు వేశారు, మందు ఏదైనా వేయాలా అని. వచ్చే ఆదివారం బండి. రాను పోను 1,100 కావాలి, రాత్రికి 860 అయ్యాయి. షెడ్డులో పెద్దామె రోజూ అన్నం మూట విప్పుతూ అడుగుతోంది, తాలు ఎందాకా వచ్చిందని.