"పెద్ద మందు" కంటిన్యూ చేయాలా, కల్చర్ రిపోర్ట్ చూసి చిన్నదానికి దిగాలా? ఏది మేలు?

పోయిన వానాకాలం అమ్మకి చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వచ్చి అడ్మిట్ చేశాం. వరంగల్ నుంచి మా మేనమామ ఫోన్ చేసి "ఏం మందు ఎక్కిస్తున్నరు బిడ్డా, పెద్దదేనా?" అన్నాడు. నేను సికింద్రాబాద్ సైడు ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో క్లినికల్ ఫార్మసిస్ట్‌ని, పన్నెండేళ్లుగా వార్డుల్లో కేస్ షీట్లు చూసి డోసులు చెక్ చేసే పని నాది, పేషెంట్ల తరపు వాళ్లు ఈ ప్రశ్న రోజూ అడుగుతారు, నేను రోజూ జవాబు చెప్తా, కానీ మన ఇంటి మనిషి బెడ్ మీద ఉన్నప్పుడు అదే ప్రశ్న వింటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అయ్యింది. అందుకే ఈ పోలిక వివరంగా రాద్దామనుకున్నా.

ముందు రెండు పద్ధతులు ఏంటో చెప్తా. మొదటిది, నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎక్కువ చూసింది: వచ్చిన రోజే మెరోపెనెమ్ లాంటి హయ్యర్ యాంటీబయాటిక్, అంటే చాలా రకాల బాక్టీరియా మీద పారే పెద్ద మందు, మొదలుపెట్టడం, జ్వరం తగ్గితే "పనిచేస్తోంది కదా, ఎందుకు కదిలించడం" అని పది రోజులో పద్నాలుగు రోజులో అదే ఎక్కించడం. ల్యాబ్‌లో బాక్టీరియాని పెంచి, అది ఏదో, దాని మీద ఏ మందు పారుతుందో చెప్పే కల్చర్ రిపోర్ట్ వచ్చినా ఫైల్లో వెనక ఎక్కడో ఉండేది. రెండోది ఇప్పుడు మెల్లగా అలవాటవుతున్నది: మొదటి డోస్‌కి ముందే బ్లడ్, యూరిన్ కల్చర్‌కి తీసేసి, పేషెంట్ సీరియస్‌గా ఉంటే పెద్ద మందే మొదలుపెట్టి, రెండు మూడు రోజులకి రిపోర్ట్ రాగానే ఆ బాక్టీరియాకి సరిపోయే చిన్న మందుకి దిగడం, కుదిరితే సూదులాపి గోలీలకి మార్చడం. మా దగ్గర మూడో రోజు రౌండ్స్‌లో మైక్రోబయాలజీ మేడం కూడా ఉంటారు, "రిపోర్ట్ వచ్చింది కదా, ఇంకా మెరో ఎందుకు?" అని అడుగుతారు, కారణం ఉంటే రాయాలి, లేకపోతే మార్చాలి.

అమ్మ విషయంలో రెండో పద్ధతే నడిచింది. కిడ్నీ దాకా పాకిన యూరిన్ ఇన్ఫెక్షన్, బీపీ కొంచెం డౌన్, వయసు 68, అందుకని కల్చర్‌కి తీసి వెంటనే మెరోపెనెమ్ మొదలుపెట్టారు. అది సరైన పనే, అక్కడ నాకు రెండో మాట లేదు. మూడో రోజు రిపోర్ట్ వచ్చింది: యూరిన్‌లో ఈ.కోలై అనే బాక్టీరియా, దాని మీద సెఫ్‌ట్రయాక్సోన్ ఆర్, సిప్రో ఆర్, మెరో ఎస్, నైట్రోఫ్యురంటోయిన్ ఎస్, కోట్రైమాక్సజోల్ ఎస్. ఆర్ అంటే ఆ మందు పారదు, ఎస్ అంటే పారుతుంది. బ్లడ్‌లో ఏమీ పెరగలేదు, జ్వరం పోయింది, ఇడ్లీ తింటోంది. డాక్టర్ గారు మెరో ఆపి కోట్రైమాక్సజోల్ గోలీలు రాశారు, మొత్తం కోర్సు 7 రోజులు. నైట్రోఫ్యురంటోయిన్ కూడా ఎస్ కదా అని ఎవరికైనా డౌట్ రావచ్చు, అది మూత్రాశయంలో ఇన్ఫెక్షన్‌కి బాగా పనిచేస్తుంది గానీ కిడ్నీలో తగినంత చేరదు, అందుకని వద్దన్నారు. రిపోర్ట్‌లో ఎస్ అని ఉన్నదల్లా వాడదగ్గది కాదు, ఇది బయట చాలామందికి తెలియదు.

మామకి చెప్పగానే "గిదేంది బిడ్డా, సూదులాపి గోలీలిస్తున్నరా, గదేదో పాతకాలం మందు, చేతులెత్తేసిన్రా ఏంది?" అన్నాడు. పాత మందంటే పనికిరాని మందని, చవకంటే బలహీనమని మనకి ఒక నమ్మకం. కానీ ఆ బాక్టీరియా మీద ఆ గోలీ పారుతుందని ల్యాబ్‌లో తేలింది, అది మింగితే పేగుల నుంచి రక్తంలోకి బాగా ఎక్కుతుంది, ఇంక సెలైన్‌లో ఎక్కించే మందుకి ఆ రోజు అమ్మ దగ్గర మిగిలిన పని ఏముంది? ఉన్నదల్లా మందు ఎక్కించడానికి నరంలో పెట్టిన కాన్యులా దగ్గర చెయ్యి వాచడం, రోజుకి మూడుసార్లు సూది, బిల్లు, ఇంకో మూడు నాలుగు రోజులు హాస్పిటల్ బాక్టీరియా మధ్యలో పడుకోవడం. లినెజోలిడ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ అయితే మింగినా ఎక్కించినా రక్తంలోకి చేరేది దాదాపు సమానమే.

ఇక రోజుల లెక్క. 2024లో వచ్చిన బ్యాలెన్స్ అనే పెద్ద ట్రయల్‌లో రక్తంలో బాక్టీరియా ఉన్న 3,608 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 7 రోజులు, ఇంకో గుంపుకి 14 రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. 90 రోజుల్లో చనిపోయినవాళ్లు 7 రోజుల గుంపులో 14.5 శాతం, 14 రోజుల గుంపులో 16.1 శాతం. అంటే రెండో వారం అదనంగా ఎక్కించినా అదనంగా కాపాడింది లేదు. స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా ఉన్నవాళ్లని ఆ ట్రయల్‌లో తీసుకోలేదు, దానికి ఎక్కువ రోజులు కావాల్సిందే, గుండె వాల్వ్ ఇన్ఫెక్షన్‌కి కూడా అంతే.

అయితే చిన్నదానికి దిగడమే ఎప్పుడూ కరెక్ట్ అని నేను చెప్పను, దీనికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. 2018లో మెరినో అనే ట్రయల్ చేశారు, సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా రక్తంలో ఉన్నవాళ్లకి మెరోపెనెమ్ బదులు పైపరాసిలిన్ టాజోబాక్టమ్, అదే మనం వార్డులో పిప్టాజ్ అంటామే, అది ఇస్తే సరిపోతుందా అని చూశారు. పిప్టాజ్ పారుతుందని ల్యాబ్‌లో తేలినవాళ్లనే తీసుకున్నారు. 30 రోజుల్లో పిప్టాజ్ గుంపులో 12.3 శాతం మంది పోయారు, మెరో గుంపులో 3.7 శాతం. ఆ అంకెలు మొదటిసారి చదివిన రోజు నాకింకా గుర్తుంది, ఎందుకంటే అంతకుముందు మెరో ఆదా చేద్దామని పిప్టాజ్ సజెస్ట్ చేసినవాళ్లలో నేనూ ఉన్నా. సెప్టిక్ షాక్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయి, వచ్చినవాళ్లకైతే గంటలోపు పెద్ద మందు పడాల్సిందే, కల్చర్ రిపోర్ట్ కోసం ఆగితే మనిషి దక్కడు. అందుకే నా లెక్కలో మేలు అనిపించేది రెండో పద్ధతే, కానీ దాంట్లో మొదటి రోజు పెద్ద మందు ఉండొచ్చు, మూడో రోజు మళ్లీ చూడటం మాత్రం తప్పనిసరి. ఆ మూడో రోజు చూపు లేకపోతే రెండు పద్ధతులకీ తేడా ఏమీ లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే మన దగ్గర పరిస్థితి అలా ఉంది. 2021 నవంబర్ నుంచి 2022 ఏప్రిల్ మధ్య నేషనల్ సెంటర్ ఫర్ డిసీజ్ కంట్రోల్ వాళ్లు దేశంలో 20 పెద్ద హాస్పిటల్స్‌లో సర్వే చేస్తే, అడ్మిట్ అయినవాళ్లలో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్ నడుస్తోంది. దాంట్లో సగానికి పైగా ఇన్ఫెక్షన్ ఉందని కాదు, రాకుండా ముందు జాగ్రత్తకి ఇచ్చినవి. బాక్టీరియా ఏదో తేల్చుకుని ఇచ్చినవి చాలా కొద్దిగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్స్‌ని యాక్సెస్ (మామూలుగా ముందు వాడేవి), వాచ్ (ఆచితూచి వాడాల్సినవి), రిజర్వ్ (ఇంకేదీ పారనప్పుడు తీసేవి) అని మూడు గుంపులు చేసింది, అమ్మకిచ్చిన కోట్రైమాక్సజోల్ యాక్సెస్, మెరో, సెఫ్‌ట్రయాక్సోన్, ఆజిత్రోమైసిన్ వాచ్, కోలిస్టిన్ రిజర్వ్. సగానికి పైగా వాడకం యాక్సెస్ నుంచే ఉండాలని వాళ్ల ఉద్దేశం, ఆ సర్వేలో మాత్రం వాచ్ గుంపుదే పైచేయి. అంటే ఆచితూచి వాడాల్సినవి ముందే ఖర్చు పెట్టేస్తున్నాం. మెరో కూడా పారని క్లెబ్సియెల్లా మా ఐసీయూలో కనిపిస్తుంది, అప్పుడు కోలిస్టిన్ తీస్తాం, అది కిడ్నీలని దెబ్బతీస్తుంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ రోజూ చూసుకుంటూ భయం భయంగా ఇస్తాం.

హైదరాబాద్ వాళ్లకి ఇంకో సంగతి. 2007లో స్వీడన్ సైంటిస్టులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిలో లీటర్‌కి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కొలిచారు. అమ్మ రిపోర్ట్‌లో సిప్రో ఆర్ అని చూసినప్పుడు అది గుర్తొచ్చింది. ఆ నీళ్లకీ అమ్మ ఈ.కోలైకీ లింక్ ఉందని అనను, కానీ ఈ ఊళ్లో మందు కేస్ షీట్‌లోనే కాదు, వాగులో కూడా ఉండిందని మాత్రం మర్చిపోను.

ఆపరేషన్ల సంగతి ఒక్క ముక్కలో: కోతకి ముందు గంటలోపు సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక డోస్, చాలా ఆపరేషన్లకి అంతే చాలు, కుట్లు విప్పేదాకా ఐదు రోజుల ట్యాబ్లెట్లు అదనపు రక్షణ ఇవ్వవు. ఇక్కడ పోలిక పెట్టేంత సందేహం కూడా లేదు.

అమ్మ కోర్సు మధ్యలో పొటాషియం, క్రియాటినిన్ టెస్ట్ చేయించాం, కోట్రైమాక్సజోల్‌తో పెద్దవాళ్లలో పొటాషియం పెరగొచ్చు కాబట్టి, బాగానే ఉన్నాయి. ఏడో రోజు ఆఖరి గోలీ వేసుకుంది. మీ వాళ్లెవరైనా అడ్మిట్ అయితే మొదటి రోజు "కల్చర్ పంపారా సార్?" అని అడగండి, మూడో రోజు "రిపోర్ట్ వచ్చిందా, మందు మార్చాలా?" అని అడగండి, మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ ఏమీ అనుకోరు. ఆ రిపోర్ట్‌ని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, డిశ్చార్జ్ సమ్మరీలో చాలాసార్లు అది ఉండదు, వచ్చే ఏడాది ఇంకో హాస్పిటల్‌కి అర్ధరాత్రి పోవాల్సి వచ్చినా అక్కడ మొదటి డోస్ ఎంచుకునే డ్యూటీ డాక్టర్‌కి అదే దారి చూపిస్తుంది.